పొగ తగ్గే కట్టెల పొయ్యి కోసం: మా వంటింటి ప్రాజెక్టు డైరీ

నవంబర్ 9, ఆదివారం

ఇవాళ పాత పొయ్యి మీద ఐదు లీటర్ల నీళ్లు కాచి, అందుకు ఎన్ని కట్టెలు కాలాయో తూచాను. కొత్త పొయ్యి కొనేముందు పాతదాని లెక్క చేతిలో ఉండాలి. లేకపోతే రేపు ఏది తెచ్చినా "బాగుందిలే", "బాగాలేదులే" అన్న మాటల దగ్గరే ఆగిపోతాం.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానో ముందు రాసిపెట్టుకుంటాను. మా అత్తకు అరవై రెండేళ్లు. దసరా ముందు పట్టిన దగ్గు ఇంకా వదల్లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మదనపల్లెలో డాక్టరు గారు గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష చేయించి సీఓపీడీ అన్నారు, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు సన్నబడిపోయే జబ్బు. బీడీ, చుట్ట అలవాటుందా అని అడిగారు. లేదన్నాం. కట్టెల పొయ్యి మీద వండుతుందా అని అడిగారు. కాపురానికి వచ్చినప్పటి నుంచి అదే పొయ్యి ముందు కూర్చుంటోందని చెబుతుంటే నా గొంతు పట్టేసింది. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. దహనం పాఠం ఏటా చెప్పేదాన్నే, ఆ పొయ్యి వైపు మాత్రం ఎప్పుడూ ఆ చూపుతో చూడలేదు.

గ్యాస్ లేదా అంటే, ఉంది. కాఫీ, టిఫిను, అన్నం, కూర దాని మీదే. ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి. అయినా సాయంత్రం రాగి సంగటి, ఆరుగురి స్నానాల నీళ్లు, ఆవులకు ఉలవలు ఉడికించడం కట్టెల మీదే. రెండెకరాల మామిడి తోట ఉంది కాబట్టి కొమ్మలు కొట్టించిన ప్రతిసారీ కట్టెలు ఊరికే వస్తాయి. ఒంటికి అన్నిటికన్నా మంచిది గ్యాసో, కరెంటు పొయ్యో. అందులో నాకు అనుమానం లేదు. అందుకే మార్చగలిగిన వంటంతా గ్యాస్ మీదకు మార్చేస్తున్నాం. ఈ డైరీ మిగిలిపోయిన ఆ మూడు పనుల కోసం.

పాత పొయ్యి అంటే మట్టి మెత్తిన మూడు రాళ్లు, ముందువైపు కట్టెలు తోసే సందు. బడి ల్యాబు నుంచి థర్మామీటరు, వంటింట్లో డిజిటల్ కాటా. నీళ్లు 26 డిగ్రీల దగ్గర మొదలై 98 దగ్గర మరిగాయి. మేముండేది సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, అందుకే నూరు దాకా పోదు. 27 నిమిషాలు పట్టింది. మిగిలిన కట్టెలు, నిప్పులు తీసి తూస్తే కాలింది 720 గ్రాములు.

నీళ్లకు అందిన వేడి ఒకటిన్నర మెగాజౌళ్లు. కిలో ఎండు కట్టెలో సుమారు 16 మెగాజౌళ్ల వేడి ఉంటుంది. ఆ లెక్కన నూటికి పదమూడు పాళ్లే గిన్నెకు చేరింది. మిగతాదంతా రాళ్లకు, గోడలకు, గాలికి.

తోటి టీచరు దగ్గర గాలిలో సన్న నుసిని, అంటే పీఎం 2.5ని చూపించే చిన్న మీటరు ఉంటే అడిగి తెచ్చాను. అత్త పీట మీద కూర్చుంటే ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడ గోడకు కట్టాను. పొయ్యి ముట్టించక ముందు 38. ముట్టించిన నాలుగో నిమిషానికి 999. అక్కడితో ఆగిపోయింది, అంతకు మించి చూపించే శక్తి దానికి లేదు. మన దేశంలో ఇరవై నాలుగు గంటల సగటుకు పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. సగటుకూ క్షణం లెక్కకూ తేడా ఉంటుంది, నిజమే. అయినా ఆ 999 చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

నవంబర్ 15, శనివారం

సాయంత్రం కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో అత్తకు ఒకటి చూపించాను. కొవ్వొత్తిని ఊది ఆర్పేస్తే వత్తి నుంచి తెల్లగా పొగ లేస్తుంది. వెంటనే వెలిగించిన అగ్గిపుల్లను వత్తికి తగలనివ్వకుండా, పైన అంగుళం ఎత్తున ఆ పొగలో పెట్టాను. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని అంటుకుంది. అత్త మూడుసార్లు చేయించుకుని చూసింది.

"అంటే పొగ కూడా కట్టేనా పాపా?" అంది.

కట్టే. ఇంతకన్నా బాగా నేను క్లాసులో కూడా చెప్పలేను. కట్టె వేడెక్కి రెండు వందల యాభై, మూడు వందల డిగ్రీలకు వచ్చేసరికి దానిలోంచి వాయువులు, తారు ఆవిర్లు బయటికి వస్తాయి. అవి పూర్తిగా కాలాలంటే ఆరు వందల డిగ్రీలు దాటిన వేడి, సరిపడా గాలి, ఆ వాయువులూ గాలీ కలిసేందుకు కాస్త సమయం కావాలి. మూడు రాళ్ల పొయ్యిలో ఆ మూడూ దొరకవు. చుట్టూ చల్లగాలి కొడుతుంది, మంట నాలుక చల్లటి గిన్నె అడుగుకు తగిలి సగంలోనే చచ్చిపోతుంది. కాలకుండా మిగిలింది మసిగా గిన్నెకూ, పొగగా ఊపిరితిత్తులకూ పోతుంది. కంటికి కనబడని కార్బన్ మోనాక్సైడ్ కూడా అక్కడే పుడుతుంది.

ఇది తెలిసిన తర్వాత పొయ్యి వెతకడం తేలికైంది. పొగను గొట్టంతో బయటికి పంపే పొయ్యి ఒక రకం. అసలు పొగనే మండించేసే పొయ్యి ఇంకో రకం. నాకు రెండోది కావాలి. మొదటిది ఒక్కటే అయితే మా పొగ పక్కింటి పెరట్లోకి పోతుంది, అక్కడా ఒక అత్త పొయ్యి ముందే కూర్చుని ఉంటుంది.

నవంబర్ 22, శనివారం

పొయ్యిల కన్నా ముందు కట్టెల సంగతి చూడాలని తేలింది. మనింట్లో కట్టెలు ఎండలో, వానలో గోడ వారన పడి ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల జల్లులకు అన్నీ తడిసినాయి. తోటలో కొట్టిన పచ్చి మామిడి కొమ్మను అడుగున్నర పొడవున కోసి, నిలువునా నాలుగు చీలికలు చేసి, కట్టగా కట్టి తూచాను. 1,240 గ్రాములు. కట్టకు ఎర్ర దారం కట్టి పెట్టాను. వారాలు గడిచేకొద్దీ ఇది ఎంత తగ్గుతుందో చూడాలి.

పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. ఆ నీళ్లు ఆవిరైపోవడానికి ఖర్చయ్యే వేడి లెక్క కడితే నేననుకున్నంత పెద్దది కాదు, కిలో కట్టెకు ఒక మెగాజౌలు పైచిలుకు. అసలు నష్టం ఇంకోచోట ఉంది. ఆ ఆవిరి మంటను చల్లార్చేస్తుంది. దాంతో వాయువులు అంటుకోక పొగై పోతాయి. అంటే పచ్చి కట్టె పెడితే ఎంత మంచి పొయ్యి కూడా మూడు రాళ్ల పొయ్యిగా మారిపోతుంది.

పశువుల పాక పక్కన ఆరడుగుల పొడవున కట్టెల గూడు వేయించాం. అడుగున రెండు వరుసల ఇటుకలు, నేల తేమ తగలకుండా. పైన రేకు. పక్కలు మాత్రం మూయలేదు, గాలి ఆడాలి. మా ఆయన చుట్టూ టార్పాలిన్ కట్టేద్దామన్నాడు. అలా కడితే లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుందని ఆపాను. పెద్ద మొద్దులన్నీ చీల్పించాం. బెరడుతో ఉన్న దుంగ నెలలు గడిచినా లోపల పచ్చిగానే ఉంటుంది. చీల్చింది త్వరగా ఎండుతుంది. ఎండిందా లేదా చూడ్డానికి అత్తకు మీటరు అక్కర్లేదు. రెండు ముక్కలు ఒకదానికొకటి తట్టి చూస్తుంది. ఎండింది ఖంగున మోగుతుంది, పచ్చిది డబ్ అంటుంది.

సామిల్లు నుంచి ప్లైవుడ్ ముక్కలు ఊరికే ఇస్తామన్నారు. వద్దన్నాను. జిగురు, రంగు ఉన్న చెక్క వంటింట్లో కాల్చకూడదు.

నవంబర్ 30, ఆదివారం

వారమంతా ఏ రకం పొయ్యి అన్నదానిమీదే.

అత్తకు పొగలేని పొయ్యి కొత్త కాదు. మా ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు ఎవరో వచ్చి ఇంట్లో గొట్టం పొయ్యి కట్టిపోయారట. మొదటి ఏడాది బ్రహ్మాండంగా ఉందట. తర్వాత గొట్టంలో మసి గడ్డకట్టి పొగ వెనక్కి కొట్టింది. గొట్టం ఎట్లా దులపాలో ఎవరూ చెప్పలేదు. పొయ్యిని పగలగొట్టి మళ్లీ రాళ్లే పెట్టుకున్నారు. ఒడిశాలో గ్రామ్ వికాస్ సంస్థ ఊళ్లలో కట్టించిన గొట్టం పొయ్యిలను ఎస్తేర్ డఫ్లో, రెమా హన్నా, మైఖేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు ఏళ్లపాటు గమనించారు. వాళ్లకు కనబడిందీ ఇదే. మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది. ఆ తర్వాత వాడకం తగ్గి, మరమ్మతులు లేక, తేడా లేకుండా పోయింది. అత్త కథ, ఆ పరిశోధన పక్కపక్కన పెట్టుకుని చూశాక, అత్త ఒంటిచేత్తో శుభ్రం చేసుకోలేని పొయ్యి ఏదైనా సరే వద్దని నిర్ణయించుకున్నాను.

అలాగని గొట్టం పొయ్యిలను తీసిపారేయను. పొగలేని పొయ్యి అన్న ఆలోచనకు మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. 1950లలోనే హైదరాబాదులో ఇంజినీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు గారు మట్టితో, గొట్టంతో, రెండు మూడు గిన్నెలు ఒకేసారి పెట్టే పొయ్యి తయారు చేశారు. దాన్నే హెచ్.ఈ.ఆర్.ఎల్. పొయ్యి అంటారు. మాకు దగ్గరగా బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆస్ట్ర ఒలె అని మూడు గిన్నెల పొయ్యి రూపొందించారు. ఇంట్లో పదిమందికి పూటపూటా కట్టెల మీదే వంట అయితే నేను ఆ రకమే కట్టించేదాన్ని. మాది ఒక్క గిన్నె పని, సంగటి.

మిగిలినవి రెండు. ఒకటి రాకెట్ పొయ్యి. 1980లలో అమెరికాలోని ఆరెగాన్‌లో అప్రొవెచో పరిశోధన కేంద్రంలో లారీ వినియార్‌స్కీ దీన్ని తీర్చిదిద్దారు. ఇంగ్లిష్ ఎల్ అక్షరంలా ఉంటుంది. అడ్డంగా ఉన్న సందులో కట్టెల కొసలు మాత్రమే మండుతాయి, నిలువు గొట్టంలో వాయువులు వేడిగా పైకి లాగబడుతూ కాలిపోతాయి. లోపలి గోడ వేడిని పీల్చుకోకుండా తేలికపాటి పదార్థంతో కప్పి ఉండాలి. కట్టెలు కింద ఆనకుండా చిన్న పలక మీద ఉంటాయి, పలక కింద నుంచి గాలి వస్తుంది. రెండోది ఫ్యాను పొయ్యి. చిన్న ఫ్యాను కింద నుంచి ఒక గాలి, పై రంధ్రాల నుంచి ఇంకో గాలి కొడుతుంది. పైనుంచి వచ్చే ఆ రెండో గాలే పొగను మండించేది.

కొనేవాళ్లు అడగాల్సిన నంబరు ఒకటుంది: ఐఎస్ 13152, 2013 నాటి భారతీయ ప్రమాణం. ఫ్యాను లేని పొయ్యి అయితే వేడిలో కనీసం 25 శాతం గిన్నెకు చేరాలి. నుసి, గిన్నెకు చేరిన ప్రతి మెగాజౌలుకు 350 మిల్లీగ్రాములు మించకూడదు. ఫ్యాను ఉన్నదైతే కనీసం 35 శాతం, నుసి 150 లోపు. కార్బన్ మోనాక్సైడ్ రెండిటికీ మెగాజౌలుకు 5 గ్రాముల లోపే. మా ఐదు లీటర్ల నీళ్లకు అన్వయిస్తే, ఒకటిన్నర మెగాజౌళ్లకు, ఫ్యాను లేనిదాంట్లో అర గ్రాము నుసి దాకా, ఫ్యాను పొయ్యిలో పావు గ్రాము లోపు. అర గ్రాము అంటే చిటికెడు ఉప్పు. కానీ దాన్ని గాలిలో చల్లితే ఎంత దూరం పోతుందో ఆలోచించండి.

మదనపల్లెలో నాలుగు షాపులు తిరిగాను. రెండుచోట్ల "పొగ రాదు మేడం, గ్యారంటీ" అన్నారు కానీ పరీక్ష కాగితం అడిగితే చూపించలేదు. స్టీలు డబ్బాలా మెరుస్తున్న ఒక పొయ్యిలో వేలు పెట్టి చూస్తే లోపల ఒట్టి రేకే, వేడిని ఆపే పొర ఏదీ లేదు. నాలుగో షాపులో ప్రమాణం నంబరు కాగితం మీద స్పష్టంగా ఉన్న రాకెట్ పొయ్యి దొరికింది. రెండు వేల పైచిలుకు అయింది. ఫ్యాను పొయ్యి మాత్రం కొనలేదు. తోటి టీచరు వాళ్ల తమ్ముడు వాడకుండా అటక మీద పెట్టాడంటే అరువు తెచ్చుకున్నాను.

డిసెంబర్ 7, ఆదివారం

పరీక్ష రోజు. అదే గిన్నె, అవే ఐదు లీటర్లు, గూడులో ఉన్నవాటిలో అన్నిటికన్నా ఎండిన తుమ్మ కట్టెలు. న్యాయంగా ఉండాలని పాత పొయ్యిని కూడా అవే కట్టెలతో మళ్లీ పరీక్షించాను. 650 గ్రాములు కాలింది. నవంబరులో 720. కట్టెలు మార్చినందుకే డెబ్బై గ్రాములు తగ్గాయి, పైసా ఖర్చు లేకుండా. మీటరు మాత్రం మళ్లీ 999 దాకా పోయింది, కాకపోతే అక్కడే నిలబడిపోలేదు.

రాకెట్ పొయ్యికి 380 గ్రాములు, 22 నిమిషాలు. ముట్టించిన మొదటి ఐదు నిమిషాలు మీటరు 600 దాటింది. గొట్టం లోపల ఎర్రబడ్డాక 160, 180 మధ్య ఆడింది. చెవి దగ్గర పెడితే లోపల నుంచి సన్నగా గుయ్‌మని శబ్దం. కట్టె కొత్తగా తోసినప్పుడల్లా ఒక నిమిషం పెరిగి మళ్లీ దిగింది.

ఫ్యాను పొయ్యికి 290 గ్రాములు, 18 నిమిషాలు, మీటరు 70, 90 మధ్య. మంట నీలి అంచుతో గ్యాస్ మంటలా వచ్చింది. నేను ఆనందంతో అత్తను లాక్కొచ్చి చూపించాను. అత్త మంట చూడలేదు. పక్కన నేను గంటసేపు కత్తితో కొట్టి పెట్టిన రెండంగుళాల చెక్కముక్కల కుప్ప వైపు చూసింది.

"ఇవి రోజూ ఎవరు కొట్టాల పాపా?"

డిసెంబర్ 9, మంగళవారం

ఇవాళ పెద్ద ప్రమాదం తప్పింది. రాయడానికి కూడా చేతులు వణుకుతున్నాయి.

రాకెట్ పొయ్యి మీద తొలిసారి సంగటి. నూకలు మెత్తగా ఉడికాయి, పైన రాగిపిండి పోసి, మధ్యలో గుంట చేసి, మూత పెట్టి మగ్గనిచ్చాం. అంతవరకు బాగానే ఉంది. అత్త పొయ్యి మీదనే ఒక దఫా కెలికి ఆ తర్వాత గిన్నె దించుతుంది. కెలికే కట్టె రెండు చేతులతో పట్టి, ఒళ్లంతా బరువు పెట్టి తిప్పింది. మూడో తిప్పుకే పొయ్యి నేల మీద జరిగింది. అదే సమయానికి ముందున్న పొడుగు కట్టె బరువుకు పొయ్యి ముందుకు ఒరిగింది.

"కదిలిపోతా ఉంది, పట్టుకో!" అని అరిచింది అత్త. మా ఆయన గుడ్డ కూడా లేకుండా గిన్నె అంచు పట్టేశాడు. వేళ్లు కాలాయి. గిన్నె పడలేదు. పడి ఉంటే ఆ సంగటి మొత్తం అత్త ఒళ్లో ఉండేది.

చల్లటి నీళ్ల కింద ఇరవై నిమిషాలు చెయ్యి పెట్టించాను. బొబ్బలు రెండే. పొయ్యిని తీసుకెళ్లి వరండాలో పెట్టేశాను. నుసి, వేడి, కట్టెలు అన్నీ కొలిచాను కానీ పొయ్యి నిలబడుతుందా అన్నది కొలవలేదు. ల్యాబులో నీళ్లు మరిగించి పాస్ చేస్తారు. నీళ్లను ఎవరూ బలంగా కెలకరు.

డిసెంబర్ 14, ఆదివారం

పరిష్కారం అత్తే కనిపెట్టింది. నేను ఇనుప స్టాండు చేయిద్దామని వెల్డింగు షాపుకు బొమ్మ గీసుకుంటుంటే వచ్చి చూసి, "రాళ్లు యాడికీ పోలేదు కదా. అవే ఆనిస్తే సరిపోదా?" అంది.

పాత పొయ్యి మూడు రాళ్లనే కొత్త పొయ్యి చుట్టూ ఆనించి, బంకమట్టితో నేలకు అతికించాం. పొయ్యి వాటి మధ్య బిగుతుగా కూర్చుంది, కావాలంటే పైకి ఎత్తి తీయొచ్చు. గిన్నె అంచులు కూడా రాళ్లకే ఆనుతాయి, కాబట్టి కెలికే బలం పొయ్యి మీద కాక రాళ్ల మీద పడుతుంది. నేను పట్టుబట్టింది ఒక్క విషయానికే: పలక కింద గాలి వచ్చే సందు, బూడిద తీసే దారి మూసుకుపోకూడదు. ముందువైపు పలక ఎత్తుకు సరిగ్గా రెండు ఇటుకలు పేర్చాం. ఇప్పుడు పొడుగు కట్టె బరువు ఇటుకల మీద, కొస మాత్రమే నిప్పులో.

రాళ్లు ఆనించాక గిన్నె అర అంగుళం పైకి లేచి, వేడి కొంత పక్కలకు పోతోంది. మళ్లీ తూచాను, 410 గ్రాములు. ముప్ఫై గ్రాముల కట్టె ఎక్కువ. దానికి నేను సంతోషంగా ఒప్పుకున్నాను. అత్త మూడుసార్లు ఊపి చూసి, నాలుగోసారి నన్ను ఊపమంది. కదల్లేదు.

డిసెంబర్ 21, ఆదివారం

ఫ్యాను పొయ్యి తిరిగి ఇచ్చేశాను. మనసు ఒప్పుకోలేదు, ఎందుకంటే గాలి లెక్కలో అదే గెలిచింది. కానీ రెండు వారాలు చూశాను. ముక్కలు కొట్టి పెట్టిన రోజు అత్త దాన్ని వాడింది. నాకు పరీక్ష పేపర్లు దిద్దే పని పడి కొట్టని నాలుగు రోజులూ దాన్ని పక్కకు జరిపేసింది. సంగటికి ముక్కాలు గంట పడుతుంది, మధ్యలో ముక్కలు అయిపోతే పైనుంచి వేయాలి, వేసినప్పుడల్లా పొగ గుప్పుమంటుంది. ఒక సాయంత్రం ఫ్యానుకు చార్జింగు లేదు. ఆయాసం ఉన్న మనిషి చేతికి చెక్కలు కొట్టే కత్తి ఇచ్చే పొయ్యి ఈ ఇంటికి సరిపోదు. చిన్న ముక్కలు తేలిగ్గా దొరికే ఇంట్లో, కొబ్బరి చిప్పలు గానీ, చెక్కపొట్టు అదిమి చేసిన పెల్లెట్లు గానీ ఉన్నచోట, నేను దాన్నే కొనమని చెబుతాను.

వంటింటికి ఇంకో పని చేయించాం. పెంకుల కప్పుకు శిఖరం దగ్గర రెండడుగుల మేర పెంకులు ఎత్తి, వాన పడకుండా పైన చిన్న కప్పు పెట్టించాం. పొయ్యి ఎదుటి గోడకు కిటికీ ఎప్పటి నుంచో ఉంది, కానీ దానికి మూటలు అడ్డం. అవి తీసేశాం. మీటరు ఆ పూట 160 నుంచి 95కు దిగింది. ఈ పని నవంబరులోనే చేయాల్సింది.

ఎర్ర దారం కట్ట: 930 గ్రాములు.

జనవరి 4, ఆదివారం

స్నానాల నీళ్ల పొయ్యి పెరట్లో సొంతంగా కట్టాం, ఇటుకలతో, రాకెట్ పద్ధతిలోనే. రెండుసార్లు కట్టాల్సి వచ్చింది.

మొదటిసారి లోపలి గొట్టం చుట్టూ బంకమట్టి, ఇసుక కలిపి అరడుగు మందాన గట్టిగా మెత్తాం. చూడ్డానికి కోటలా ఉంది. ముట్టిస్తే ఇరవై నిమిషాలు ఒకటే పొగ. బరువైన మట్టి వేడినంతా తాగేస్తోంది, అది వేడెక్కేదాకా లోపల మంట చల్లగానే ఉంటుంది. అప్పటికి స్నానాలు అయిపోతాయి.

రెండోసారి ఆ మట్టి తీసేసి, బియ్యం మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద నింపాం. బయట ఒక వరుస ఇటుకలు, లోపల ఇటుక గొట్టం, మధ్యలో నాలుగంగుళాల బూడిద. అది దూదిలా తేలిక, లోపల గాలి ఉంటుంది కాబట్టి వేడి దాటదు. ఊక బూడిద పోసేటప్పుడు ముక్కుకు తడిగుడ్డ తప్పక కట్టుకోవాలి, ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముందు సందు, నిలువు గొట్టం రెండూ ఒకే వెడల్పు, సుమారు ఐదంగుళాలు. పైన రాగి అండా చుట్టూ రేకు చుట్టి, రేకుకు అండాకు మధ్య వేలి మందం సందు వదిలాం. వేడిగాలి అడుగున తాకి ఊరికే పోకుండా పక్కలు కూడా రాసుకుంటూ పోతుంది. ఈసారి నాలుగో నిమిషానికే పొగ తెల్లదనం పోయింది.

ఉలవలు కూడా ఇప్పుడు ఆ పొయ్యి మీదే. అత్త పొద్దున దాని దగ్గర కూర్చోనవసరం లేదు, మా ఆయన కట్టెలు తోసి పాలు పిండడానికి పోతాడు.

జనవరి 16, శుక్రవారం

పండగ. నిప్పట్లకు, అంటే అరిసెలకు, పెద్ద బాణలి కావాలి, అది కొత్త పొయ్యి మీద కూర్చోదు. మంట మధ్యలోనే గుచ్చినట్టు వస్తుంది, అంచులు కాగవు. పెరట్లో బహిరంగంగా రాళ్లు పెట్టి వండారు. నేను అడ్డు చెప్పలేదు. అత్తను మాత్రం పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, ఇద్దరు ఆడపడుచులు వండారు. అత్త దూరంగా కుర్చీలో కూర్చుని పాకం సంగతి చెప్పింది.

ఒక్క విషయంలో గట్టిగా గొడవ పడ్డాను. చలికి అత్త నిప్పులు కుంపట్లోకి ఎత్తి, గదిలో తలుపేసుకుని పడుకోబోయింది. పొగ లేదు కదా అంది. నిప్పుల్లో పొగ ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. కుంపటి తీసి వరండాలో పెట్టి, రెండు రగ్గులు కప్పాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఎర్ర దారం కట్ట ఇవాళ 800 గ్రాములు. 440 గ్రాముల నీళ్లు గాలిలోకి పోయాయి. చివర్లలో నక్షత్రంలా పగుళ్లు విచ్చాయి, బెరడు గోరుతో లాగితే ఊడి వచ్చింది. అత్త తట్టి చూసి "మోగింది" అంది.

ఆ కట్టతోనే సాయంత్రం సంగటి వండాం. మీటరు మొదట్లో 310 దాకా పోయి, ఆ తర్వాత 80, 100 మధ్య నిలిచింది. గ్యాస్ మీద వండిన పూట 40 ఉంటుంది. ఆ తేడా నాకు గుర్తుంది, అందుకే సంగటిని కూడా గ్యాస్ మీదకు తెచ్చే మాట మళ్లీ ఎత్తుతాను. అత్త ఈసారి కాదనలేదు, "వానాకాలం చూద్దాం" అంది. డాక్టరు గారు ఇచ్చిన ఇన్‌హేలరు పూటపూటా వాడుతోంది. దగ్గు తగ్గింది మందుకా, పొయ్యికా అని నేను విడదీసి చెప్పలేను. రాత్రి దగ్గు లేకుండా నిద్రపోతోంది.

ఊదుగొట్టం నెల రోజులుగా గోడకే వేలాడుతోంది. కొత్త పొయ్యికి ఊదే పని లేదు. దాన్ని తీసేద్దామా అంటే, బూడిద సందు దులపడానికి పనికొస్తుందని అత్త ఉంచుకుంది. ప్రతి ఆదివారం పొయ్యిని రాళ్ల మధ్య నుంచి ఎత్తి, బోర్లించి, ఆ గొట్టంతోనే లోపలి మసి గీకుతోంది. ఇవాళ గీకింది కాగితం మీద పోసి తూచాను, పదకొండు గ్రాములు.

మిగిలిన పనులు: పలక ఒక అంచు వేడికి వంగుతోంది, ఎండాకాలం లోపు మందపాటి రేకుతో ఇంకోటి కోయించాలి. మామిడి కొమ్మలు జూలైలో కొట్టిస్తాం, అప్పుడు కొట్టినవి ఈ గూడులో రెండో వరుసగా పేర్చి, ఈ ఏడు కట్టెలు అయ్యాకే వాటిని ముట్టుకోవాలి. పక్కింటి అక్క నిన్న వచ్చి పొయ్యి ముందు చాలాసేపు కూర్చుంది. వాళ్లింట్లో పెరటి నీళ్ల పొయ్యి కట్టడానికి వచ్చే ఆదివారం ఊక బూడిద రెండు బస్తాలు తెప్పిస్తున్నాం.